మీనాక్షమ్మ ఊళ్ళో ఆకలి వేళలు

దక్షిణ దేశ యాత్ర పేరుతో తెలుగు ఊళ్ళ నుంచి బయల్దేరే బస్సుల్లో మదురైకి దక్కేది ఒక పూట, మహా అయితే పూటన్నర. అరుణాచలం, చిదంబరం, తంజావూరు, శ్రీరంగం చూసుకుని, రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారేసరికి ఊళ్ళో దిగుతారు. సత్రంలో స్నానాలు, గుళ్ళో దర్శనం, బయటికి రాగానే బస్సు పక్కన వేడివేడిగా ఉప్మానో పులిహోరో. వంటవాళ్ళు, గ్యాసు పొయ్యి, బియ్యం బస్తా, ఆవకాయ, కందిపొడి అన్నీ బస్సుతోపాటే వచ్చాయి కాబట్టి తిండికి లోటుండదు. మధ్యాహ్నం గుడి తలుపులు మూసే వేళకు బస్సు రామేశ్వరం దారిలో ఉంటుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా శబరిమల వెళ్ళివచ్చే మన అయ్యప్ప స్వాముల్లో చాలామందిదీ ఇదే తీరు.

దర్శనం బాగా జరిగిందన్న తృప్తితోనే అందరూ తిరిగొస్తారు. పెద్దవాళ్ళు, పిల్లలు, పథ్యం ఉన్నవాళ్ళు కలిసి వెళ్ళే ప్రయాణంలో సొంత వంట ఉండటం మంచిదే. కానీ మదురై దగ్గరికొచ్చేసరికి ఈ పద్ధతి వల్ల పోగొట్టుకునేది చాలా ఉంది. ఆ ఊళ్ళో ప్రతి తిండికీ ఒక వేళ ఉంది. తెల్లవారుజామున బండి మీద దొరికేది పొద్దెక్కాక దొరకదు. పొద్దుగూకాక పెనం వేడెక్కే కొట్టు పగలంతా నిద్రపోతుంది. మల్లెమొగ్గలు కోసేవాళ్ళు, మగ్గం నేసేవాళ్ళు, లారీల సరుకు దింపేవాళ్ళు, గుడికి వచ్చేవాళ్ళు, వీళ్ళందరి పనివేళలే ఊరి భోజన వేళలయ్యాయి. ఆ వేళల ప్రకారం ఒక్క పగలు, ఒక్క రాత్రి తిని తిరిగితే ఊరు ఎలా బతుకుతోందో తెలుస్తుంది. పూట ఉండి వచ్చేస్తే గోపురాలు మాత్రమే గుర్తుంటాయి.

రాత్రే అసలు సందడి

తమిళులు మదురైని ‘తూంగా నగరం’ అంటారు, నిద్రపోని నగరమని. ఈ పేరుకు పాత సాక్ష్యమే ఉంది. సంగం సాహిత్యంలో మాంగుడి మరుదనార్ రాసిన ‘మదురైక్కాంజి’ అనే దీర్ఘకావ్యంలో ఈ ఊరికి రెండు అంగళ్ళు, పగటి అంగడి ఒకటి, రాత్రి అంగడి ఒకటి. రాత్రి జాములు ఒకదాని వెంట ఒకటి ఎలా గడుస్తాయో, ఏ జాములో వీధుల్లో ఏం జరుగుతుందో కవి వరసగా చెప్పుకొస్తాడు. రాజు గొప్పదనం చెప్పడానికి పూనుకున్న కావ్యంలో సంతకు, తినుబండారాలకు, బేరగాళ్ళకు అంత చోటివ్వడం చూస్తే, ఊరి గొప్పదనం అక్కడే ఉందని ఆయనకూ అనిపించిందనుకోవాలి.

ఇప్పటి రాత్రి గుళ్ళో మొదలవుతుంది. తొమ్మిది దాటే వేళకు సుందరేశ్వరుడి పాదుకలను పల్లకిలో మీనాక్షమ్మ సన్నిధికి తీసుకెళ్తారు. మేళతాళాలు, వింజామరలు, సాంబ్రాణి ధూపం నడుమ స్వామి అమ్మవారి ఇంటికి వెళ్ళే ఈ పళ్ళియరై సేవ రోజూ జరుగుతుంది. పగటి దర్శనంలో వరసలో నిలబడి రెండు క్షణాలు చూసి వచ్చే భక్తులకు ఈ సేవ తెలియదు. చూసేవాళ్ళలో చాలామంది ఊరివాళ్ళే ఉంటారు. పనులు ముగించుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని వచ్చిన కుటుంబాలు. సేవ అయ్యాక వాళ్ళు గుడి బయటి చిత్తిరై వీధిలోకి వచ్చి, చెప్పులేసుకుని, నేరుగా ఇంటికి పోరు. ఎక్కడో ఒకచోట ఆగి ఏదో ఒకటి తింటారు. యాత్రికుడు వాళ్ళ వెనకే నడిస్తే చాలు.

దూరం నుంచే టకటకమని లయబద్ధంగా ఇనుము మోగుతుంది. అది కొత్తు పరోటా. వెడల్పాటి పెనం మీద పరోటాలు, గుడ్డు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి, పైన సాల్నా అనే మసాలా పులుసు పోసి, రెండు చేతుల్లో రెండు పలకలతో ముక్కముక్కలు చేస్తారు. ప్రతి మాస్టరుదీ తనదైన దరువు. విడి పరోటా తినే తీరు మనకు కాస్త కొత్త. మన దగ్గర కుర్మా గిన్నెలో ఇస్తే నంజుకుంటాం. అక్కడ ఆకు మీద పరోటాను చేత్తో చిదిపి పెట్టుకుంటే, వడ్డించేవాడు సాల్నాను దాని నెత్తిన గరిటెలతో పోస్తాడు. పరోటా ఆ పులుసంతా పీల్చుకుని మెత్తబడ్డాక తినాలి. మందంగా, గుండ్రంగా ఉబ్బే బన్ పరోటా కూడా మదురై వాళ్ళదే.

ఇంకో అడుగు వేస్తే కరి దోసె. మందపాటి దోసె పోసి, దాని మీద గుడ్డు పరిచి, ఆ పైన మసాలాలో ఉడికిన మాంసం కూర పరిచి, తిరగేసి కాలుస్తారు. మూడు పొరలూ విడిపోకుండా తిరగేయడంలోనే పనితనం ఉంది. సిమ్మక్కల్ దగ్గర కోనార్ మెస్ దీనికి పెట్టింది పేరు. ఇవేవీ పడని శాకాహారులు దిగులు పడనక్కర్లేదు. రాత్రి వేళ ఆవిరి కక్కే ఇడ్లీ పళ్ళేలు రోడ్డు పక్కన చాలాచోట్ల కనిపిస్తాయి. ఇడ్లీని మనం పొద్దుటి టిఫినుగానే లెక్కేస్తాం. మదురైలో అది రాత్రి భోజనం కూడా. తడి గుడ్డ మీద వార్చిన మల్లెపువ్వు లాంటి ఇడ్లీ, ఆకు మీద నాలుగు రంగుల చట్నీలు, మీద సాంబారు. చెన్నై దాకా, విదేశాల దాకా పేరు మోసిన మురుగన్ ఇడ్లీ షాపు పుట్టిందీ ఈ ఊళ్ళోనే.

ఈ రాత్రి తిండి వెనక పెద్ద శ్రమ ఉంది. తెన్‌కాశి, తూత్తుక్కుడి, రామనాథపురం, తేని వైపు వెళ్ళే బస్సులకు మదురై కూడలి. మాట్టుత్తావణి బస్టాండులో అర్ధరాత్రి రెండింటికి కూడా జనం ఉంటారు. కూరగాయల లారీలు వచ్చేదీ ఆ వేళకే. 19వ శతాబ్దం చివర్లో హార్వే సోదరులు పెట్టిన మదురా మిల్లు వేల మందికి పనిచ్చింది. మిల్లు పనివాళ్ళకు ఏ వేళకైనా ఆకలి వేస్తుంది. ఆ ఆకలి తీర్చడానికి ఎవరో ఒకరు పొయ్యి వెలిగించి ఉంచాలి. విహారం కోసం పుట్టిన రాత్రి బజారు కాదిది, కష్టజీవుల కోసం పుట్టింది. అందుకే ధరలు ఇప్పటికీ సామాన్యుడికి అందుబాటులో ఉన్నాయి, రుచి చెడలేదు.

మొగ్గ విచ్చేలోపు

తెల్లవారుజామున పూలబజారు చూడాలి. మదురై చుట్టుపక్కల పల్లెల్లో చీకటి ఉండగానే మల్లెమొగ్గలు కోస్తారు. గోనెల్లో, బుట్టల్లో అవి మాట్టుత్తావణి పూలమార్కెట్టుకు చేరి, కిలోల లెక్కన వేలంలో అమ్ముడై, మూరల లెక్కన కట్టే ఆడవాళ్ళ చేతుల్లోకి వెళ్తాయి. ఇదంతా మొగ్గ విచ్చేలోపు జరగాలి. కొంతభాగం విమానమెక్కి పరాయి దేశాల్లోని తమిళుల ఇళ్ళకూ పోతుంది. మందపాటి రేకులు, ఎక్కువసేపు నిలిచే వాసన ఉన్న ఈ మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మార్గశిరం చలికి దిగుబడి తగ్గినప్పుడు, పెళ్ళి ముహూర్తాలు దగ్గరపడినప్పుడు కిలో ధర వేలల్లోకి ఎగబాకుతుంది. ఆ రోజుల్లో కూడా ఊళ్ళో ఆడవాళ్ళ జడల్లో పూలు తగ్గవు. కూరగాయల బండి నెట్టే అమ్మ నుంచి బ్యాంకు ఉద్యోగిని దాకా సాయంత్రానికి అందరి తలలోనూ తెల్లటి మాల ఉంటుంది.

పూలబజారు నుంచి తిరిగొచ్చే దారిలో, వీధి మలుపులో ఇత్తడి బిందె పెట్టుకున్న బండి కనిపిస్తే ఆగాలి. అది పరుత్తిప్పాల్, పత్తిగింజల పాలు. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ రైతులకు పత్తి గింజంటే నూనె మిల్లుకో పశువుల దాణాకో వెళ్ళే సరుకు. మదురైలో అదే గింజను రాత్రంతా నానబెట్టి, రుబ్బి, పిండి పాలు తీస్తారు. ఆ పాలను బియ్యప్పిండితో కాచి, బెల్లం, శొంఠి, యాలకులు, కొబ్బరి వేస్తారు. చిక్కగా, గోధుమ రంగులో, కాస్త ఘాటుగా ఉంటుంది. దగ్గుకు మంచిదని, ఒంటికి బలమని ఊరివాళ్ళ నమ్మకం. పొద్దున్నే పనికి పోయే కూలీకి గ్లాసెడు తాగితే కొన్ని గంటలు ఆకలి తెలియదు. పత్తి పండించే మన జిల్లాల్లో ఈ పానీయం ఎందుకు పాకలేదో ఆలోచించాల్సిన విషయమే. గుంటూరు బస్టాండులో ఇలాంటి బండి ఒకటి ఉంటే ఎంత బాగుండును!

నెలల పేర్ల వీధులు

గుడి చుట్టూ చదరాలుగా తీర్చిన వీధులకు తమిళ నెలల పేర్లున్నాయి. గుడి లోపల ఆడి వీధి, బయట చిత్తిరై, ఆ తర్వాత ఆవణి మూల వీధి, ఆపైన మాసి వీధి. ఒకప్పుడు ఏ నెల ఉత్సవం ఏ వీధిలో ఊరేగేదో ఆ వీధికి ఆ పేరు. ఆఖరున ఉన్నవి వెలి వీధులు, అంటే ఒకప్పటి కోట అంచులు. 19వ శతాబ్దంలో కలెక్టర్ బ్లాక్‌బర్న్ కోటగోడలు పడగొట్టించి, కందకం పూడ్పించి ఊరిని విస్తరించాడు. అందుకు కృతజ్ఞతగా జనం నిలబెట్టిన దీపస్తంభమే విళక్కుత్తూణ్. ఆ స్తంభం పేరు ఈ రోజు మదురైలో వినిపించేది కలెక్టర్ కోసం కాదు, జిగర్‌తండా కోసం. ప్రసిద్ధి చెందిన జిగర్‌తండా కొట్టు ఆ కూడలిలోనే ఉంది.

మధ్యాహ్నం నాలుగు గంటలప్పుడు ఆ కొట్టు ముందు నిలబడితే ఊరి జనమంతా ఒక్కచోట కనిపిస్తారు. మరగకాచి చల్లార్చిన పాలు, నీళ్ళలో నాని ఉబ్బిన బాదం బంక, నన్నారి షర్బత్, పైన ఐస్‌క్రీము. అంతే. కడప, కర్నూలు, అనంతపురం వాళ్ళకు నన్నారి రుచి నోట్లో పడగానే సొంతూరు గుర్తొస్తుంది. అదే సుగంధి వేరు, అదే షర్బత్తు, నిమ్మకాయ సోడాకు బదులు పాలలో కలిసింది. మదురై ముస్లిం వంటిళ్ళ నుంచి వచ్చిందని చెప్పే ఈ పానీయం పేరుతోనే కార్తీక్ సుబ్బరాజ్ 2014లో మదురై నేపథ్యంగా సినిమా తీశాడు. తెలుగువాళ్ళు దాన్ని 2019లో ‘గద్దలకొండ గణేష్’గా చూశారు. కథ మనదాకా వచ్చింది, గ్లాసు మాత్రం రాలేదు. హైదరాబాద్‌లో ఆ పేరుతో అమ్మే చోట్లు లేకపోలేదు గానీ, ఆ బాదం బంక, ఆ చిక్కటి పాలు విళక్కుత్తూణ్ ఎండలో తాగితేనే అసలు సంగతి అర్థమవుతుంది.

మాసి వీధుల్లో ఇంకో ప్రయాణికుడి జ్ఞాపకం ఉంది. 1921 సెప్టెంబరులో గాంధీజీ మదురై వచ్చారు. రైలు దారి పొడుగునా చూసిన పేదలు, ఖద్దరు కొనే స్తోమత లేదన్న వాళ్ళ మాటలు ఆయన్ను కలచివేశాయి. పడమటి మాసి వీధిలో బస చేసిన ఇంట్లో సెప్టెంబరు 22 ఉదయం ఆయన చొక్కా, తలపాగా వదిలేసి కొల్లాయితో బయటికి వచ్చారు. చివరిదాకా అదే వేషం. ఆ ఇంట్లో ఇప్పుడు ఖద్దరు దుకాణం ఉంది. జనం ఏం కట్టుకుంటున్నారో కళ్ళు తెరిచి చూసిన ఒక ప్రయాణం ఆయన్ను అలా మార్చింది. ఆయన స్మారక మ్యూజియం 1959లో వెలిసింది ఒకప్పుడు మదురైని ఏలిన రాణి మంగమ్మ వేసవి విడిది అయిన తముక్కం భవనంలో. రక్తపు మరకలున్న ఆయన వస్త్రం అక్కడే భద్రంగా ఉంది.

మహల్ పక్క వీధుల్లో

తిరుమల నాయకుడి మహల్ చూడటానికి వెళ్ళేవాళ్ళు స్తంభాలు చూసి, ఫొటోలు దిగి వెనక్కి తిరుగుతారు. 1636లో కట్టిన ఆ భవనంలో ఇప్పుడు మిగిలింది నాలుగో వంతే. నాయకరాజు మనవడు చొక్కనాథుడు రాజధానిని తిరుచ్చికి మార్చినప్పుడు చాలా భాగం విప్పుకుపోయాడని చెబుతారు. మిగిలిన ఆ భాగం కన్నా చుట్టూ ఉన్న వీధుల్లో చూడాల్సింది ఎక్కువ. అక్కడ సౌరాష్ట్రులు ఉంటారు.

గుజరాత్‌లోని సౌరాష్ట్ర నుంచి బయల్దేరిన ఈ పట్టునేతగాళ్ళు తరతరాలుగా దక్షిణానికి కదులుతూ, విజయనగర రాజ్యంలో కొంతకాలం ఆగి, నాయకరాజుల కాలంలో మదురై చేరారు. ఇళ్ళలో మాట్లాడుకునేది సౌరాష్ట్ర భాష. వచ్చిన దారి పొడుగునా ఏరుకున్న మరాఠీ, తెలుగు మాటలు అందులో కలిసిపోయాయి. మన ఆడవాళ్ళు చుంగుడి చీర అని ఇష్టంగా కొనుక్కునేది వీళ్ళ చేతిపనే. గుడ్డను చిటికెడు చిటికెడుగా పట్టి, దారంతో వేల ముడులు వేసి, రంగులో ముంచి తీస్తే ముడి ఉన్నచోట తెల్లటి చుక్క మిగులుతుంది. 2005లో దీనికి ‘మదురై సుంగుడి’ పేరుతో భౌగోళిక గుర్తింపు దక్కింది. చీరంతా చేత్తో ముడులు వేసి తీసేవాళ్ళు ఇప్పుడు తగ్గిపోయారు. బజారులో అచ్చు వేసిన చుక్కలే ఎక్కువ. ముడి విప్పాక గుడ్డ మీద మిగిలే చిన్న ముడత చూసి అసలుది గుర్తుపట్టవచ్చు. కొనేవాళ్ళు ఆ తేడా అడిగి తెలుసుకుని, నాలుగు రూపాయలు ఎక్కువైనా చేతి ముడి చీరే కొనాలి. లేకపోతే ఈ పని మరో తరానికి మిగలదు.

ఆ సందుల్లో పొద్దున పూట ఆకుపచ్చ పూరీలు వేస్తారు. ముళ్ళు, ఎర్రటి పూలు ఉండే ముళ్ళుమురుంగై చెట్టు ఆకును బియ్యంతో కలిపి రుబ్బి, ఆ పిండిని వత్తి నూనెలో వేయిస్తారు. పైన కారప్పొడి చల్లి చేతికిస్తారు. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళకు మంచిదని పెద్దవాళ్ళు పిల్లలకు కొనిపెడతారు. పెద్ద హోటళ్ళ పట్టికల్లో ఇది దాదాపు కనిపించదు. ఆ వీధిలోకి, ఆ వేళకు వెళ్ళినవాళ్ళకే దొరుకుతుంది. సంగీతం ఇష్టమున్నవాళ్ళకు ఇక్కడ ఇంకో సంగతి. త్యాగరాజస్వామి శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ సౌరాష్ట్రుడే, తెలుగులో కృతులు రాశారు. తమిళ సినిమా పాటకు గొంతైన టి.ఎం. సౌందరరాజన్ ఈ మదురై సౌరాష్ట్ర కుటుంబంలోనే పుట్టారు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పుట్టిన ఇల్లు కూడా ఈ పాత ఊళ్ళోనే, హనుమంతరాయన్ కోవిల్ వీధిలో ఉంది.

పిట్టు కూలీ

తిండి లేకుండా మదురైలో దేవుడి కథ కూడా నడవదు. వైగై నదికి వరదొచ్చి గట్టు తెగింది. ఇంటికొక మనిషి వచ్చి మట్టి మొయ్యాలని పాండ్యరాజు ఆజ్ఞ. వంది అనే ముసలమ్మకు ఎవరూ లేరు. పిట్టు వండి అమ్ముకుని బతుకుతుంది. ఆమె వంతు పని చేస్తానని ఒక కూలివాడు వచ్చాడు. కూలీగా విరిగిన పిట్టు ముక్కలు పెడితే చాలన్నాడు. కడుపునిండా తిని, పని వదిలేసి ఆడిపాడి పడుకున్నాడు. రాజుకు కోపమొచ్చి బెత్తంతో కొడితే ఆ దెబ్బ రాజుతో సహా లోకంలో అందరి వీపు మీదా పడింది. ఆ కూలివాడు సుందరేశ్వరుడు. శివుడి లీలల్లో ఊరివాళ్ళకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ప్రతి ఏటా ఆవణి మాసంలో, వైగై దగ్గర పుట్టుత్తోప్పులో ఈ ఉత్సవం జరుగుతుంది. స్వామి మట్టి మోయడానికి ఊరేగి వస్తాడు, భక్తులకు పిట్టు ప్రసాదం పెడతారు. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించే పిట్టు మన పల్లెలకూ తెలిసిందే.

చిత్తిరై ఉత్సవం సంగతి చెప్పాలంటే మరో కథనం కావాలి. మీనాక్షి కల్యాణం, ఆ తర్వాత చిత్రా పౌర్ణమి నాడు విష్ణుమూర్తి అయిన కళ్ళళగర్ బంగారు గుర్రం మీద వైగైలో దిగడం. శైవుల పండగను, వైష్ణవుల పండగను తిరుమల నాయకుడు ఒకే నెలకు చేర్చాడని ఊరు చెప్పుకుంటుంది. ఆ రోజుల్లో వీధివీధికీ మజ్జిగ పందిళ్ళు, పానకం కుండలు. డబ్బు అడిగే చేయి కనపడదు. రద్దీ పడనివాళ్ళు మరో నెలలో సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని అళగర్ కోవిల్‌కు వెళ్ళి, అక్కడి ప్రసాదం దోసె తినాలి. మినుముల పొట్టు తీయకుండా, మిరియాలు దంచి వేసి, నెయ్యిలో వేయించే మందపాటి దోసె. తిరుపతి లడ్డూలాగా దాన్నీ ఇంటికి తెచ్చుకుంటారు.

మన మాట వినిపించే చోట

మదురైలో తెలుగు యాత్రికుడికి ఎదురయ్యే గొప్ప ఆశ్చర్యం తెలుగే. కొట్టు ముందు మనవాళ్ళు ధర గురించి గుసగుసలాడుకుంటుంటే, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన ‘మేమూ తెలుగోళ్ళమే’ అనడం అక్కడ జరిగే విషయమే. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడితో మొదలైన నాయకరాజుల పాలనలో ఇక్కడి ఆస్థాన భాష తెలుగు. విజయరంగ చొక్కనాథుడి కొలువులో సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు ‘అహల్యా సంక్రందనము’ రాశాడు. తెలుగు వచనానికి మదురై ఆస్థానం చేసిన సేవ సాహిత్య చరిత్రకారులు చెప్పేదే. ఆ కాలంలోనూ, అంతకు కొంచెం ముందూ వెనకా తరలివచ్చిన కమ్మవారు, కంబళత్తు నాయకులు, రెడ్లు, చెట్టియార్లు మదురై, తేని, విరుదునగర్ జిల్లాల్లో స్థిరపడ్డారు. బడిలో చదివేది తమిళం, ఇంట్లో పలికేది తెలుగు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో అలాంటి కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ తమ వలస కథను తమిళంలో నవలలుగా రాసి, ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు.

ఆ నాయకరాజుల కోడలే రాణి మంగమ్మ. మనవడు చిన్నవాడు కావడంతో 1689 నుంచి దాదాపు పదిహేనేళ్ళు రాజ్యం నడిపింది. ఆమె వేయించిన బాటలు, నాటించిన చెట్లు, కట్టించిన సత్రాలు ఇప్పటికీ జనం నోట ఉన్నాయి. రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న మంగమ్మ సత్రం ఈనాటికీ బాటసారులకు నీడనిస్తోంది. పరాయి ఊరి మనిషికి తిండి, పడక చూపించడం రాజధర్మమని నమ్మిన తెలుగు రాణి ఏలిన ఊళ్ళో, మనవాళ్ళు ఒక్క పూట అక్కడి తిండి తినకుండా రావడం బాధ కలిగించే విషయం.

ఇక ఆగాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. బస మాసి వీధుల లోపల చూసుకోవాలి. అన్నీ నడిచి వెళ్ళే దూరంలో ఉంటాయి. గుడి మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో మూసి, మళ్ళీ నాలుగింటికి తెరుస్తారు. సెల్‌ఫోన్లు లోపలికి రానివ్వరు, బయట భద్రపరిచి వెళ్ళాలి. గుడి మూసి ఉన్న ఆ వేళలోనే ఏదైనా మెస్సులో ఆకు భోజనం చేయవచ్చు. ముద్దపప్పు, ఆవకాయ కోసం వెతకవద్దు. కారక్కుళంబు, కూట్టు, పొరియల్, చివర రసం, మజ్జిగ, ఈ వరసలోనే ఆ భోజనానికి అందం. మాంసాహారులు అయిరై చేపల పులుసు దొరికిన రోజు వదలకూడదు. వేలెడంత కూడా లేని చిన్న చేపలతో చేసే ఆ పులుసు ఒక్కటి చాలు, అన్నమంతా అయిపోవడానికి. మిరపకారం మనకంటే తక్కువే, మిరియం ఘాటు మాత్రం ఎక్కువ. భాష రాకపోయినా ‘అణ్ణా’, ‘అక్కా’ అని పిలిస్తే పని జరుగుతుంది. ఎండలు ముదిరే ఏప్రిల్, మే కంటే మార్గశిరం నుంచి మాఘం దాకా హాయిగా తిరగవచ్చు.

యాత్రలు నడిపే తెలుగు సంస్థలకు ఒక మనవి. మీ పట్టికలో మదురైకి ఒక రాత్రి కలపండి. ఆ రాత్రి వంటవాళ్ళకు సెలవివ్వండి, వాళ్ళూ పళ్ళియరై సేవ చూసి, కొత్తు పరోటా తిని వస్తారు. నడవలేని పెద్దవాళ్ళకు, పథ్యం ఉన్నవాళ్ళకు వీధి చివర ఇడ్లీలు ఉన్నాయి. రామేశ్వరం అక్కడి నుంచి 170 కిలోమీటర్లే. మర్నాడు తెల్లవారుజామున పత్తిపాలు తాగి బయల్దేరినా, మధ్యాహ్నంలోపు చేరిపోతారు.